కథ కోసమా, ఫైట్ కోసమా? టర్న్ బేస్డ్ ఆర్పీజీల్లో మీ తూకం ఎటు?

#1 | టర్న్‌తాత

టర్న్ బేస్డ్ ఆర్పీజీ అంటే పాత్రల్ని పెంచుకుంటూ, వంతులవారీగా కొట్టుకునే కథల గేమ్. "మంచి టర్న్ బేస్డ్ గేమ్ చెప్పండి" అని ఎవరడిగినా కింద ఒకటే గోల. ఒకరు కథ అదిరిందంటారు, ఇంకొకరు ఫైట్లు చప్పగా ఉన్నాయంటారు. తీరా చూస్తే ఇద్దరూ మాట్లాడేది ఒకే గేమ్ గురించి. అందుకని ఈ థ్రెడ్ విడిగా పెడుతున్నా.

షరతు ఒక్కటే. "ఎందుకో నచ్చింది" దగ్గర ఆగొద్దు. ఏ ఫైట్, ఏ రూలు, ఏ సెట్టింగ్, ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, అది రాయండి. సొంత ముచ్చట్లకి వేరే థ్రెడ్ ఉంది. స్పాయిలర్ (కథని ముందే బయటపెట్టే మాట) ఉంటే ముందే కేకెయ్యండి.

ముందు నా మాట. కథ ఒక పక్క, ఫైట్ ఒక పక్క పెట్టి తూచడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఒక కథ ముక్కకీ ఇంకో కథ ముక్కకీ మధ్య ఎంతసేపు ఫైట్లు పడ్డాయో చూడండి. స్క్రీన్ తిరగడం, మెనూలు, దెబ్బలు, చివర్లో ఎక్స్‌పీ (అనుభవం పాయింట్ల) లెక్కల స్క్రీన్, అన్నీ కలిపి సాదా ఫైట్‌కి నిమిషంన్నర వేసుకోండి. గుహలో 40 ఫైట్లుంటే గంట. ఆ గంటలో కథ అంగుళం కదలకపోతే, బయటికొచ్చేసరికి లోపలికి ఎవర్ని వెతుక్కుంటూ వెళ్లామో కూడా గుర్తుండదు. అవే 12 ఫైట్లైతే 18 నిమిషాలు, కథ వేడి తగ్గదు. రచయిత తప్పేం లేకుండానే కథ "బోర్" అనిపించుకోవడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది.

#2 | ఎన్‌కౌంటర్‌జీరో

తాతగారూ, మీరు చెప్పిన ఆ గంటకి నేరుగా మందు వేసిన గేమ్ ఒకటుంది. బ్రేవ్లీ డిఫాల్ట్, జపాన్‌లో 2012లో వచ్చింది. దారిలో తగిలే ఫైట్ల రేటుని మెనూలోనే మార్చుకోవచ్చు, సున్నా నుంచి మామూలుకి రెట్టింపు దాకా.

కథ కోసం ఆడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. రేటు సున్నాకి లాగేసి గుహంతా షికారు చేసినట్టు దాటేస్తారు, చివర బాస్ (పెద్ద శత్రువు) ఒక్క టర్నులో పడుకోబెడతాడు. లెవెల్ ఒక్కటే కాదు, జాబ్ (పాత్ర వృత్తి) లెవెల్ కూడా పెరగలేదుగా మరి. ఆ గేమ్‌లో బలమంతా జాబుల్లోంచే వస్తుంది. ఇలా చేస్తే సరిపోతుంది: కొత్త చోటికి వెళ్లేటప్పుడు మామూలు రేటు. మిగిలిపోయిన పెట్టెల కోసం వెనక్కి తిరిగేటప్పుడు సున్నా. బాస్ ముందు సేవ్ పాయింట్ పక్కన నిలబడి రేటు రెట్టింపు చేసి, ఫైట్ దానంతటదే నడిచేలా ఆటో పెట్టి, ఒక పది ఫైట్లు.

ఇంత సౌకర్యం ఇచ్చిన గేమే 5వ అధ్యాయం నుంచి కథాభిమానుల్ని ఏడిపించింది. (స్పాయిలర్) నాలుగు క్రిస్టల్స్‌నీ మళ్లీ మేల్కొలపాలి. మళ్లీ. మళ్లీ. పాత బాసులే కొత్త జట్లు కట్టుకుని వస్తారు. ఫైట్ పిచ్చోళ్లకి అది పండగే, ఎందుకంటే ఏ ఇద్దరు బాసులు కలిస్తే ఏ కాంబో పుడుతుందో చూడటమే మజా. కథ కోసం వచ్చినవాళ్లు గేమ్ మూసేసింది కూడా సరిగ్గా అక్కడే.

#3 | బారోంగ్

తాత లెక్కతో నాకు పేచీ ఉంది. ఫైట్ నడుస్తుంటే కథ ఆగినట్టే అని ముందే తీర్మానం చేసేశారు. షిన్ మెగామి టెన్సే 3 నాక్టర్న్ (2003) తీసుకోండి. అందులో మాటలు తక్కువ. లోకం ఎంత కర్కశమో మీకు చెప్పేది ఫైట్ రూలే.

తెలియనివాళ్ల కోసం, ప్రెస్ టర్న్ అనే ఆ రూలు ఎలా పనిచేస్తుందో చెప్తా. పార్టీలో హీరో, వాడు చేర్చుకున్న దెయ్యాలు కలిపి నలుగురుంటే పైన 4 గుర్తులు కనిపిస్తాయి, ఒక్కో పనికి ఒకటి ఖర్చు. శత్రువు బలహీనత మీద కొట్టినా, క్రిటికల్ (మామూలుకన్నా గట్టి దెబ్బ) పడినా సగం గుర్తే పోతుంది, మిగతా సగం మెరుస్తూ ఉంటుంది. అన్నీ కలిసొస్తే 4 గుర్తులతో 8 దెబ్బలు. దెబ్బ గురి తప్పినా, శత్రువుకి ఆ దెబ్బ ఆననే ఆనకపోయినా 2 గుర్తులు హాంఫట్. తిప్పికొట్టాడా, తాగేశాడా, మొత్తం టర్ను పోయింది. ఇవే రూల్స్ శత్రువుకీ వర్తిస్తాయి.

ఇప్పుడు అందులో మటాడోర్ అనే బాస్. రెడ్ కపోటే అని ఒక్కటి వేస్తాడు, వాడి గురీ తప్పించుకునే శక్తీ ఒక్క దెబ్బకి పైకి పోతాయి. అక్కడి నుంచి మీరు కొట్టే ప్రతిదీ గాల్లోకే. గురి తప్పిన ప్రతిసారీ 2 గుర్తులు పోతాయి కాబట్టి రెండు తప్పులకి మీ టర్ను అయిపోతుంది. వాడు గాలి మాయతో అందర్నీ ఒకేసారి కొడతాడు. పార్టీలో గాలికి బలహీనమైన దెయ్యం ఒక్కటున్నా వాడికి అదనపు టర్ను చేతికిచ్చినట్టే. "లెవెల్ పెంచితే సరిపోదా" అనుకుని ఇంకో ఐదు లెవెళ్లు ఎక్కినా మళ్లీ అదే జరుగుతుంది, తేడా కాస్త ఆలస్యంగా చస్తారంతే. చెయ్యాల్సిందేంటంటే, గాలికి బలహీనమైన దెయ్యాలన్నిటినీ బయట కూర్చోబెట్టండి, గాలిని అడ్డుకునేవాటిని లోపలికి తెండి. మొదటి రెండు టర్నులు కొట్టడం మానేసి సుకుందా, ఫాగ్ బ్రెత్ లాంటివి వేసి వాడి వేగం దించండి. మీ దెబ్బలు తగలడం మొదలయ్యాకే దాడి. వాడు ఫోకస్ వేశాడంటే తర్వాత దెబ్బ మామూలుగా ఉండదు, ఆ టర్ను ప్రాణాలు నింపుకోవడానికే.

అన్నట్టు, మన హీరో చస్తే మిగతా ముగ్గురూ నిలబడే ఉన్నా గేమ్ ఓవర్. మీ ప్రాణానికి ఈ లోకం పెట్టిన విలువ అదీ. దీన్ని కట్‌సీన్‌లో (కథ చూపించే వీడియోలో) చూపిస్తే ఇంత గట్టిగా తగలదు.

#4 | కొత్తగా_వచ్చా

అన్నా, అంత కష్టం పడలేనివాళ్లు ఆ కథ చూడకూడదా?

#5 | బారోంగ్

చూడొచ్చు తమ్ముడూ. నాక్టర్న్ హెచ్‌డీ రీమాస్టర్‌లో మెర్సిఫుల్ అని ఒక తేలికైన డిఫికల్టీ ఉంది, ఉచిత డీఎల్‌సీగా (విడిగా దించుకునే అదనపు భాగంగా) ఇచ్చారు. కానీ అందులో మటాడోర్ కూడా దారిన పోయే దానయ్యే. కథకి అడ్డం లేదు గానీ రుచి పోతుంది. ఉప్పు లేని పప్పు అనుకో.

#6 | పారీ_పిచ్చి

ఈ గొడవలో 2025 గేమ్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే స్టూడియో శాండ్‌ఫాల్ చేసింది. ఏటేటా ఒక అంకె గీస్తారు, ఆ వయసువాళ్లంతా మాయమైపోతారు, ఆపడానికి ఒక దండు బయల్దేరుతుంది. కథ మొదటి అరగంటలోనే గుండె పట్టేస్తుంది. ఫైట్ దగ్గర కొచ్చేసరికి మాత్రం జనం రెండు ముక్కలు.

శత్రువు కొట్టేటప్పుడు మీరు సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కాలి. డాడ్జ్ (తప్పుకోవడం) తేలిక, పారీ (దెబ్బని ఆపి తోసెయ్యడం) కష్టం. పారీ పడితే ఒక్కో దెబ్బకి 1 ఏపీ (స్కిల్స్ వాడటానికి ఖర్చయ్యే పాయింటు) వస్తుంది, వరసలో ఉన్న దెబ్బలన్నిటినీ పారీ చేస్తే తిరుగుదెబ్బ కూడా. నేర్చుకునే పద్ధతి ఇదీ: కొత్త శత్రువు కనిపించగానే పారీ జోలికి పోకండి. రెండు టర్నులు డాడ్జ్ మాత్రమే చెయ్యండి. "పర్ఫెక్ట్" అని వచ్చిందంటే ఆ క్షణానికి పారీ నొక్కినా పడేదని అర్థం. మూడు సార్లు వరసగా పర్ఫెక్ట్ వచ్చాక పారీకి మారండి. డాడ్జర్ అనే పిక్టోస్ (తొడుక్కుంటే ఒక గుణం ఇచ్చే వస్తువు) దొరగ్గానే పెట్టుకోండి, పర్ఫెక్ట్ డాడ్జ్‌కి కూడా ఏపీ వస్తుంది. ఏ పిక్టోస్ అయినా తొడుక్కుని 4 ఫైట్లు గెలిస్తే దాని గుణం లూమినాగా అందరికీ వాడుకోవచ్చు, కాబట్టి చిన్న ఫైట్లకి కొత్త పిక్టోస్ తొడిగి తిప్పుతూ ఉండండి.

అందరూ తప్పేది ఒకే చోట. శత్రువు చెయ్యి ఎత్తగానే నొక్కేస్తారు. ఈ గేమ్‌లో చాలామంది ఎత్తి, ఆగి, ఊరించి కొడతారు. చేతిని కాదు, చెయ్యి కిందికి దిగే కదలికని చూడాలి. చప్పుడు కూడా వినాలి.

#7 | టర్న్‌తాత

దీన్ని టర్న్ బేస్డ్ అనడానికే నాకు మనసొప్పదు. చదరంగంలో ఎదుటివాడు గుర్రాన్ని కదిపేటప్పుడు సమయానికి బల్ల చరిస్తే గుర్రం చావదు అన్నట్టుంది. ఆలోచించడానికి టైమ్ ఇవ్వడమే కదా టర్ను ఉద్దేశం. పైగా పారీ పూర్తిగా వచ్చేసినవాడికి బిల్డుతో (పాత్రకి ఎంచుకున్న ఆయుధాలు, గుణాల కూర్పుతో) పనేముంది, ఒక్క దెబ్బా తగలదాయె. పారీ రానివాడికి ఎంత మంచి బిల్డున్నా బాసు ఏడు దెబ్బల వరసకి ఆగదు.

#8 | పారీ_పిచ్చి

చదరంగం పోలిక బాగుంది తాతా, కానీ మీరు చెప్పిన రెండో బాధలో సగం గేమ్‌ది కాదు, మీ టీవీది. పారీ పడట్లేదని గోలపెట్టేవాళ్లు ముందు ఈ మూడు చూసుకోండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందా? లేకపోతే టీవీ ప్రతి ఫ్రేమునీ సోకు చేసి ఆలస్యంగా చూపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్సా? చప్పుడు వెనకబడుతుంది. చెవితో టైమింగ్ పట్టేవాళ్లు వైరు పెట్టుకోవాల్సిందే. పీసీ అయితే ఫ్రేమ్‌రేట్ నిలకడగా ఉందా? 90 నుంచి 50కి ఊగిసలాడే కన్నా 60 దగ్గర కట్టేసుకోవడం మేలు. ఇవి సరిచేశాక కూడా పడకపోతే స్టోరీ డిఫికల్టీకి దించండి, నొక్కడానికి దొరికే సమయం పెరుగుతుంది. మీరు కొట్టేటప్పుడు నొక్కాల్సిన బటన్లని ఆటోమేటిక్ చేసే ఆప్షన్ కూడా ఉంది, కాకపోతే అది దాడికి మాత్రమే, కాచుకోవడానికి కాదు. ఇది చదవకుండా ఆన్ చేసి "పనిచెయ్యట్లేదు" అనేవాళ్లు బోలెడు.

బిల్డు గురించి మీరన్నదాన్లో నిజం ఉంది. మూడో అంకం మొదట్లో పెయింటెడ్ పవర్ అనే పిక్టోస్ వస్తుంది, 9,999 దాటని డ్యామేజ్ కట్టు తెగిపోతుంది. ఆ తర్వాత లోకమంతా తిరిగి పక్క పనులన్నీ ముగించి చివరి బాస్ దగ్గరికి వెళ్తే, వాడు మాట పూర్తి చేసేలోపు పోతాడు. కథకి అంత బరువైన ముగింపు పెట్టి ఫైట్‌ని దూదిపింజ చేశారు. కథ కోసం ఆడేవాళ్లు క్యాంపులో మాటలు, పార్టీవాళ్ల సొంత క్వెస్టులు చూసుకుని నేరుగా ముగింపుకి వెళ్లండి. మిగతా తిరుగుడంతా తర్వాత.

#9 | చదువరి22

ఫైటే లేకుండా ఇంతకన్నా టెన్షన్ పెట్టొచ్చని డిస్కో ఎలీసియం 2019లో చూపించింది కదా. టర్న్ బేస్డ్ అని అట్ట మీద ఉండదు గానీ ప్రతి పెద్ద మాటా ఒక పాచికల ఆటే. 2 పాచికలు వేసి మీ నైపుణ్యం కలిపి, అవతలి అంకెని అందుకోవాలి. 12 పడితే ఎప్పుడూ గెలుపు, 2 పడితే ఎప్పుడూ ఓటమి.

ఒక్క పాయింటు విలువ ఎంతో చూడండి. లక్ష్యం 10, మీ నైపుణ్యం 4. పాచికల మీద 6 లేదా ఎక్కువ పడాలి, 36లో 26 అవకాశాలు, అంటే 72 శాతం. ఒక పాయింటు ఇచ్చే కోటు తొడిగితే 5 చాలు, 83 శాతం. అదే కష్టమైన చోట 10 పడాల్సి ఉంటే 17 శాతమే, కోటుతో 28. అందుకే మాట మొదలుపెట్టే ముందు జేబులో ఉన్న బట్టలన్నీ ఒకసారి చూసుకోవాలి. తెల్ల చెక్ (మళ్లీ వేసే వీలున్న పాచికల పరీక్ష) ఓడిపోతే ఆ నైపుణ్యంలో ఒక పాయింటు వేశాక మళ్లీ తెరుచుకుంటుంది, కాబట్టి లెవెల్ పెరిగినప్పుడు వచ్చిన పాయింటు వెంటనే ఖర్చు పెట్టకుండా దాచుకోండి. ఎర్రది ఒక్కసారే. కానీ ఓడిపోయినప్పుడు వచ్చే సన్నివేశాలు కొన్ని గెలిస్తే వచ్చేవాటికన్నా బాగా రాశారు, ప్రతిదానికీ పాత సేవ్ తెరిస్తే నష్టం మీకే.

#10 | ఓరుగల్లు_రోగ్

గిది మాత్రం నిజం. మాటనే ఫైట్ లెక్క చేసిన గేమ్ అంటే బాల్డర్స్ గేట్ 3 (2023) గూడ ఉంది. (రెండో అంకం స్పాయిలర్) థోర్మ్ ఖాందాన్ల ముగ్గురుంటరు: టోల్ ఇంట్ల ఒకామె, సారాయి దుకాణంల ఒకడు, దవాఖానల డాక్టరు. ముగ్గుర్నీ కత్తి దియ్యకుండ, ఉత్త మాటలతోని సంపొచ్చు. దానికి తయారీ గావాలె. గైడెన్స్ అనే మంత్రం తెల్సినోడు పార్టీల ఉండాలె, ప్రతి చెక్‌కు 1 నుంచి 4 దాంక కలుస్తది. ఇన్‌స్పిరేషన్ (పాచిక మళ్ల ఎయ్యనిచ్చే పాయింటు) 4 దాంకనే జమైతది, 4 నిండినంక వచ్చేది వేస్టు, గందుకే పిసినారితనం జెయ్యకుండ పాచిక పాడైనప్పుడు వాడేసెయ్యుండ్రి. మాట్లాడేటోడు కరిస్మా (మాటలతోని ఒప్పిచ్చే గుణం) ఉన్నోడై ఉండాలె. ఎవడు ముందల నడుస్తుంటె వాన్నే పట్టుకుని మాటలు షురూ జేస్తది గేమ్, అక్కడ మస్తు మంది మునుగుతరు. తలుపు దాటేముందు ముందలున్నోడు ఎవడో సూసుకోండ్రి.

ఫైట్ల ముచ్చటకొస్తే ఎత్తు మీదికెల్లి కొడితే గురికి +2, కిందికెల్లి పైకి కొడితే -2. గంతే రూలు. కని గా రూలు తెల్వక కిందనే నిలబడి "పాచికలు మోసం" అని తిట్టుకుంటరు.

గదే కంపెనీ అంతకుముందు జేసిన డివినిటీ ఒరిజినల్ సిన్ 2 (2017)ల ఫైట్ రూలే కథకు అడ్డం పడ్డది అంట నేను. శత్రువుకు రెండు కవచాలు: ఒంటి దెబ్బకొకటి, మాయకొకటి. కవచం ఉన్నంతసేపు కింద పడగొట్టుడు, గడ్డ కట్టిచ్చుడు ఏదీ పనిజెయ్యదు. లెక్క సూడుండ్రి: ఒంటి కవచం 60, మాయ కవచం 40, ప్రాణం 100 అనుకో. నలుగురు ఒంటి దెబ్బోల్లే అయితే 160 కొడితే అయిపాయె. ఇద్దరు విల్లు, ఇద్దరు మాయ అయితే రెండు కవచాలూ పగలగొట్టి 200 కొట్టాలె, పైకెల్లి పడగొట్టుడు లేటైతది. అంటే కథల నచ్చినోల్లను ఎంటేసుకుని తిరుగుదామంటె ఫైట్ల శిక్ష పడుతది. దీనికి రెండే దార్లు. నచ్చిన మనుషుల్నే ఉంచుకుని వాళ్ల క్లాస్ మార్చుండ్రి, పార్టీల చేర్చుకునేటప్పుడే అడుగుతరు. లేదంటె స్టోరీ మోడ్.

#11 | నీలిసిరా

అందరూ కొత్తవే చెప్తున్నారు. ఫైట్, కథ ఒకటే మాట చెప్పిన చోటు అడిగితే నా ఓటు ఫైనల్ ఫాంటసీ 10 (2001)లో యునలెస్కా అనే బాస్‌కి. (స్పాయిలర్, 20 ఏళ్లు దాటినా కేకేస్తున్నా.)

ఆ గేమ్‌లో ఎవరి తర్వాత ఎవరి టర్నో పక్కన జాబితా కనిపిస్తుంది, ఏం చేస్తే వరస ఎలా మారుతుందో ముందే చూపిస్తుంది. టర్ను పోకుండానే పార్టీలో మనుషుల్ని మార్చుకోవచ్చు. అంటే తప్పు చేస్తే సాకు లేదు.

యునలెస్కా మూడు రూపాలు: ప్రాణం 24,000, 48,000, 60,000. మొదటి రూపంలో మీరు ఏది చేస్తే దానికి తగ్గ జవాబు. కత్తితో కొడితే కళ్లు పోతాయి, మాయ వేస్తే నోరు పడిపోతుంది. రెండో రూపంలో హెల్‌బైటర్‌తో అందర్నీ జాంబీలు చేసి, ఆ పైన మందు వేస్తుంది. జాంబీకి వైద్యం అంటే దెబ్బే కదా. ఎవరైనా ఏం చేస్తారు? గబగబా హోలీ వాటర్ చల్లి అందర్నీ మామూలు మనుషుల్ని చేస్తారు. మూడో రూపం రాగానే మెగా డెత్ వేస్తుంది. జాంబీలు కానివాళ్లంతా అక్కడికక్కడే చస్తారు.

ఇక్కడ గేమ్ ఓవర్ చూడని వాళ్లు అరుదు, ఎందుకంటే అప్పటిదాకా గేమ్ నేర్పిన శుభ్రతే ఇక్కడ చంపుతుంది. రెండో రూపం ప్రాణం చివరికొస్తుండగా కనీసం ఇద్దర్ని జాంబీలుగానే వదిలెయ్యాలి. వాళ్లకి మందు పొయ్యొద్దు, మెగా డెత్ దాటాక మిగతావాళ్లని లేపాలి. చచ్చినవాళ్లు బతికినవాళ్లలా తిరిగే లోకం కథ అది, నువ్వు కూడా సగం చచ్చి ఉంటేనే దాటగలవని ఫైట్ అంటోంది. ఒక్క డైలాగు లేకుండా.

అంతకుముందు గాగజెట్ కొండ మీద సీమోర్ అనే బాస్ కూడా ఇదే పాఠం చిన్నగా చెప్తాడు: ఈటెతో ఒకర్ని జాంబీ చేసి, వెంటనే ఫుల్ లైఫ్ వేస్తాడు, వాడు ఠపీమని పోతాడు. సీమోర్ ప్రాణం 70,000. జాంబీ అయినవాడికి ఆ మధ్య టర్నులోనే హోలీ వాటర్ పడాలి. అక్కడ కడుక్కోవడం నేర్పి, ఇక్కడ కడుక్కుంటే చంపుతారు. వరస అలా పెట్టడమే తెలివి.

#12 | టర్న్‌తాత

నీలిసిరా అక్కయ్యా, ఈ పోస్టు తర్వాత నా మొదటి లెక్క కాస్త చిన్నబోయింది. ఆ గంటలో ఏం నేర్పారన్నది కూడా తూకంలో వెయ్యాలన్నమాట.

#13 | చదువరి22

కథకీ ఫైట్‌కీ అలాంటి పెళ్లి కుదిరినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కుదరనిదానికి ఆక్టోపాత్ ట్రావెలర్ (2018). ఫైట్ బంగారం. శత్రువు డాలు అంకెని బలహీనతలతో సున్నాకి తేవాలి, బ్రేక్ అయినవాడు ఆ టర్నులో మిగిలిందీ, తర్వాతి టర్నూ కదలడు. టర్నుకో బూస్ట్ పాయింటు (దెబ్బ బలం పెంచేది) వస్తుంది, 5 దాకా దాచొచ్చు, ఒకసారికి 3 దాకా వాడొచ్చు, వాడిన తర్వాతి టర్ను కొత్తది రాదు. కాబట్టి బ్రేక్ చెయ్యడానికి బూస్ట్ తగలెయ్యకూడదు, బ్రేక్ అయ్యాక కొట్టడానికి దాచాలి. అంతవరకూ భేష్.

కథ? ఎనిమిది మంది కలిసి నడుస్తారు, ఒకరి బాధ ఇంకొకరికి పట్టదు. దారిలో చిన్న ముచ్చట్లు తప్ప ఒకరి కథలో ఇంకొకరు లేనట్టే. ఎనిమిది కథల్నీ కలిపే ముడి ఎక్కడ దాచారో తెలుసా? గేమ్ అయిపోయాక, కొన్ని పక్క పనులు ముగించినవాళ్లకి మాత్రమే తెరుచుకునే తలుపు వెనక. వరసగా ఎనిమిది బాసులు, ఆ తర్వాత అసలు బాసు, మధ్యలో సేవ్ లేదు. ఎనిమిది మందినీ తయారు చేసి తీసుకెళ్లాలి, ఇష్టమైన నలుగుర్నే పెంచుకున్నవాడికి అక్కడ దిక్కులేదు. కథ కోసం వచ్చినవాడికి కథ ముగింపుని గేమ్‌లోకెల్లా కఠినమైన ఫైట్ వెనక పెట్టడం, అన్నం వండి అటక మీద పెట్టి నిచ్చెన తీసేసినట్టు.

#14 | ఎన్‌కౌంటర్‌జీరో

దారి మధ్యలో నిచ్చెన తీసేసినదీ ఉంది. యాకుజా: లైక్ ఎ డ్రాగన్ (2020), 12వ అధ్యాయం. అప్పటిదాకా కథ జోరుగా లాక్కెళ్తుంది, ఎవరూ గ్రైండ్ (లెవెల్ కోసం పదే పదే ఫైట్లు) చెయ్యరు. హఠాత్తుగా మజిమా, సయెజిమా ఇద్దరూ కలిసి దిగుతారు. లెవెల్ 40 దగ్గరున్నవాళ్లు పచ్చడే. హీరో ఇచిబాన్ పడితే అంతే సంగతులు. సోతెన్‌బోరిలో అరీనా ఆ అధ్యాయంలోనే తెరుచుకుంటుంది, అది సూచన అనుకోండి. 30 అంతస్తులు. అక్కడ తిరిగి 50 దగ్గరికి వచ్చాకే కథలోకి వెళ్లండి. ఆయుధాలు కూడా మెరుగు చేసుకుని వెళ్తే సగం గంట మిగులుతుంది.

కానీ ఆ గేమ్‌కి ఒక్క మార్కు ఎక్కువ వేస్తా. ఫైట్లు టర్ను టర్నుగా ఎందుకున్నాయో కథలోనే కారణం ఉంది. ఇచిబాన్‌కి డ్రాగన్ క్వెస్ట్ పిచ్చి, ఎదురుగా ఉన్న రౌడీలు వాడి కళ్లకి రాక్షసుల్లా కనిపిస్తారు. అంతే.

#15 | సేవ్_చేశావా

అండర్‌టేల్ (2015) అనకుండా ఈ థ్రెడ్ ముగిస్తే పాపం. టొరియెల్ ఫైట్‌లో మీ ప్రాణం తగ్గాక ఆమె నిప్పులు మీకు తగలకుండా పక్కకి వంగిపోతాయి. చంపాలని లేదామెకి. ఒక్క ముక్క మాట్లాడకుండా అది తెలుస్తుంది. మెర్సీ (వదిలెయ్యడం) ఒకసారి నొక్కి ఫలితం లేదని వదిలెయ్యకండి, చాలాసార్లు నొక్కాలి, ఆమె మాటలు మారుతుంటాయి, చుక్కలు మాత్రమే వచ్చినా సరే ఆగొద్దు.

#16 | కొత్తగా_వచ్చా

ఇంగ్లిష్ నెమ్మదిగా చదివేవాళ్లకి వీటిలో ఏది నప్పుతుంది? పెర్సోనా 5 రాయల్, ట్రెయిల్స్ ఇన్ ద స్కై రెండూ కథకే అంటున్నారు.

#17 | నీలిసిరా

రెండూ మాటల సముద్రాలే, కానీ ఒడ్డు వేరు. పెర్సోనాలో ఆటో అడ్వాన్స్ ఆపేసుకుంటే డైలాగు మీరు నొక్కేదాకా కదలదు, దాటిపోయిన మాటల్ని మళ్లీ చూసుకోవడానికి లాగ్ ఉంది. ట్రెయిల్స్‌లో కథ ఒక మెట్టు ఎక్కిన ప్రతిసారీ ఊళ్లో అందరి మాటలూ మారతాయి. అందర్నీ పలకరించాలని కూర్చుంటే నెలలు. ప్రతి అధ్యాయంలో ఒక నలుగుర్ని ఎంచుకుని వాళ్లనే వెంబడించండి, చాలు. 2025 రీమేక్‌లో చిన్న శత్రువుల్ని టర్నుల్లోకి వెళ్లకుండా అక్కడికక్కడే కొట్టెయ్యొచ్చు, ఆ మిగిలిన టైము చదువుకోడానికి వస్తుంది.

తడబడేది కథ దగ్గర కాదు, ఫైట్ మధ్యలో వచ్చే సూచనల దగ్గర. ఎక్స్‌పెడిషన్ 33లో మాటలు వినబడతాయి కాబట్టి కథకి ఇబ్బంది లేదు, కానీ పిక్టోస్ వివరణలు చిన్న అక్షరాల్లో పదుల కొద్దీ ఉంటాయి. ఒకేసారి అన్నీ చదవొద్దు, ఏపీ ఇచ్చేవి ముందు.

#18 | టర్న్‌తాత

డిఫికల్టీ పేర్లని నమ్మొద్దని కూడా చెప్పాలి. పెర్సోనా 5 రాయల్‌లో అన్నిటికన్నా పైనున్న మెర్సీలెస్‌లో బలహీనత, క్రిటికల్, టెక్నికల్ దెబ్బలు మూడింతలు పడతాయి, మీకూ వాళ్లకీ. ముందుగా కొట్టేది మీరైతే, బలహీనత మీద కొట్టి బ్యాటన్ పాస్ (టర్నుని పార్టీలో ఇంకొకరికి అందించడం) ఇస్తూ పోతే శత్రువు టర్నే రాదు. దానికన్నా కిందున్న హార్డే చాలా చోట్ల గట్టిగా తగులుతుంది. బాస్ బలహీనత లేనివాడైతే టెక్నికల్ వాడండి: కాలుతున్నవాడి మీద గాలి, గడ్డకట్టినవాడి మీద ఒంటి దెబ్బ, రెండిటి మీదా న్యూక్లియర్ మాయ.

డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్‌లో డ్రాకోనియన్ క్వెస్ట్ అని మొదట్లోనే ఎంచుకునే కష్టాలున్నాయి. అందులో ఒకటి పెడితే ఊళ్లోవాళ్లు మీకు అబద్ధాలు చెప్తారు! డిఫికల్టీని ఫైట్ మీద కాకుండా కథ మీద పెట్టినవాళ్లని ఇంకెక్కడా చూడలేదు. నచ్చకపోతే మధ్యలో తీసెయ్యొచ్చు గానీ మళ్లీ పెట్టలేరు.

#19 | బారోంగ్

కథా ఫైటూ ఒకే ముద్దగా ఉన్నది, అందులోనూ మనవాళ్లకి పేర్లు కొత్తగా అనిపించనిది చెప్తా. డిజిటల్ డెవిల్ సాగా, పీఎస్2, 2004. తెగల స్థావరాల పేర్లు మూలాధార, స్వాధిష్ఠాన, మణిపూర, అనాహత, ఆజ్ఞ. గెలిచినవాడు నిర్వాణానికి పోతాడని పోరు. మనుషుల్లోకి దెయ్యాలు చొరబడ్డాయి, ఎదుటివాణ్ణి తినకపోతే పిచ్చెక్కుతుంది. ఫైట్‌లో కూడా తినాల్సిందే: హంట్ స్కిల్‌తో చంపితే ఆత్మ పాయింట్లు ఎక్కువ వస్తాయి, వాటితో మంత్రాలు నేర్చుకుంటారు. ఎదుటివాణ్ణి ముందు బెదరగొడితే తినడం సులువు. బాగా బలిసేదాకా తింటే కడుపునొప్పి కూడా వస్తుంది, నవ్వకండి. పార్టీలో ఒకమ్మాయి తినడానికి ఒప్పుకోదు కథలో. మీరు మెనూలో తిను అని నొక్కుతున్నప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది.

ఇదీ ప్రెస్ టర్నే, పార్టీ ముగ్గురే కాబట్టి గుర్తులు 3. నాక్టర్న్ అలవాటుతో వెళ్తే ఒక్క తప్పుకే దెబ్బ పడిపోతుంది. బాస్ ముందు ముగ్గురికీ కనీసం ఒక్కో అడ్డుకునే స్కిల్ ఉందో లేదో చూసుకోండి.

ఇంకో ముచ్చట: నాక్టర్న్‌లోనూ పెర్సోనా 5లోనూ శివుణ్ణి పిలవాలంటే బాలి దీవి జంట బారోంగ్, రంగ్దాలని కలపాలి. నా పేరు అక్కడిదే.

#20 | ఓరుగల్లు_రోగ్

రంగ్దా యాడ దొరుకుతదన్నా, బారోంగ్‌తోనే కూసున్న.

#21 | బారోంగ్

పెర్సోనాలో అయితే కంపెండియంలో (దొరికినవాటి పట్టీలో) వెతకొద్దు తమ్మీ, ఫ్యూజన్ (రెండిటిని కలిపే) మెనూలో ఫలితం నుంచి వెనక్కి వెతికే జాబితా తెరువు. రంగ్దా చేతికి రాగానే కంపెండియంలో నమోదు చెయ్యి, అప్పుడే బారోంగ్‌తో కలుపు. కలిపాక ఇద్దరూ పోతారు, నమోదు చెయ్యకపోతే మళ్లీ మొదటి నుంచి.